రెండు సుత్తుల బస్సు

మా ఆయన సుధాకర్ ఖతార్‌లోని రాస్ లఫాన్‌లో ప్లానింగ్ ఇంజనీరు. గ్యాస్ ప్లాంటుని మరమ్మతు కోసం ఆపినప్పుడు ఏ గంటకి ఏ వాల్వు విప్పాలో, ఏ గంటకి తిరిగి బిగించాలో గీసిపెట్టడం ఆయన పని. ఇంట్లోనూ అదే వరస. మా పెళ్ళికి ముందు రోజు, పెళ్ళివారు చర్చికి చేరే వేళ, భోజనాల బంతి లేచే వేళ ఒక పట్టికలో రాసి మా నాన్న చేతికిచ్చిన మనిషి. అలాంటిది పిల్లలతో నాలుగు దేశాలు రైల్లో తిరగాలనుకుంటే ప్లాను ఎవరి చేతుల్లోకి వెళ్తుందో వేరే చెప్పాలా? తర్వాత జరిగినదానికి ఎవర్ని అనాలో చదివేవాళ్ళకి ముందే తెలియాలని ఈ సంగతి మొదటే రాస్తున్నాను.

ప్రయాణానికి కారణం మాత్రం మా అక్క. సుగుణక్క నాకంటే ఆరేళ్ళు పెద్దది. పంతొమ్మిదో ఏట మఠంలో చేరింది. పన్నెండేళ్ళుగా ఆస్ట్రియాలో ఒక కొండలోయలో, ముసలివాళ్ళని చూసుకునే కాన్వెంటులో ఉంటోంది. ఆ ఊరి పేరు రాయడం అక్కకి ఇష్టం లేదు కాబట్టి రాయను. తనని చివరిసారి చూసి ఎనిమిదేళ్ళయింది. అప్పటికి మా చిన్నవాడు జోయల్ ఇంకా పుట్టలేదు.

ఏప్రిల్లో ఒక శుక్రవారం, చర్చి నుంచి వచ్చి అన్నాలు తింటుంటే అక్క ఫోన్ చేసింది.

"కరుణా, నన్ను టాంజానియా పంపిస్తున్నారే. జులైలో. ఆరేళ్ళు అక్కడే."

"ఎప్పుడు ప్రయాణం?"

"మూడో వారంలో, సోమవారం పొద్దున్నే విమానం. ముందు రోజు ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఇంటివాళ్ళొచ్చి చూడొచ్చట. ఐదింటికి కారులో మ్యూనిక్ తీసుకెళ్ళిపోతారు. అంత దూరం ఎవరొస్తారులే. ఊరికే చెప్పా."

అక్క ఊరికే చెప్పిందేదీ ఊరికే కాదని నాకు చిన్నప్పట్నించీ తెలుసు. ఎదురుగా మా ఆయన పెరుగన్నం ముద్ద చేతిలో పట్టుకుని నా మొహం చూస్తున్నారు. ఆయన్ని అడక్కుండానే, "మేం వస్తున్నాం అక్కా" అనేశాను.

ఫోన్ పెట్టేశాక ఆయన అన్న మొదటి మాట, "రైల్లో వెళ్దామా?" ఆయన కళ్ళు చూస్తే పండక్కి కొత్తబట్టలు చూసిన పిల్లాడే. ఎన్నేళ్ళుగానో వాల్వులకే ప్లాన్లు గీశారు మరి, రైళ్ళకి గీసే యోగం ఇప్పటిదాకా పట్టలేదు.

దోహాలో మెసైమీర్ అనే పేటలో మాది రెండు గదుల ఫ్లాటు. ఆ సాయంత్రమే ఫ్రిజ్ మీద ఒక చార్టు వెలిసింది. అరవై నాలుగు వరసలు. ఆఫీసులో వాడే కాలెండరు మీదే వేశారు. ఇక్కడి సంగతి తెలియనివాళ్ళకి ఒక మాట. ఖతార్‌లో వారం ఆదివారంతో మొదలవుతుంది. శుక్ర, శనివారాలు సెలవు. చర్చికి కూడా మేమందరం శుక్రవారమే వెళ్తాం. కాబట్టి ఆ చార్టులో శుక్ర, శనివారాలు బూడిదరంగులో, మిగతా ఐదురోజులూ తెల్లగా ఉంటాయి. తెలుపంటే డ్యూటీ. మా పిల్లలకి ఆదివారం అంటే స్కూలు బస్సు.

మా దారి పట్టేవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. వీసా ఏ దేశంలో ఎక్కువ రాత్రులుంటే ఆ దేశానికి అడగాలి. మాకు ఇటలీలో ఐదు రాత్రులు కాబట్టి ఇటలీకి అడిగాం. కంపెనీ నుంచి ఎన్‌ఓసీ, బ్యాంకు స్టేట్‌మెంటు, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు ముందే సిద్ధం చేసుకోండి. స్లాటు దొరకడమే పెద్ద గండం. మా పాస్‌పోర్టులు ప్రయాణానికి నాలుగు రోజుల ముందు చేతికొచ్చాయి. ఆ నెల్లాళ్ళూ నేను పెట్టుకోని మొక్కు లేదు. రైలు పాస్ ఒకటి తీసుకుంటే నాలుగు దేశాల్లోనూ నడుస్తుంది. పన్నెండేళ్ళ లోపు పిల్లలకి ఉచితమే గానీ వాళ్ళ పేరున కూడా పాస్ తీసుకోవాలి. ఫ్రాన్సులో, ఇటలీలో వేగంగా వెళ్ళే రైళ్ళకి పాస్ ఉన్నా సీటు విడిగా రిజర్వు చేసుకోవాలి.

టైము పట్టికలు వెతికే పని మా పెద్దది షారోన్ తీసుకుంది. దానికి పదకొండేళ్ళు, తండ్రి పోలిక. అక్క కాన్వెంటుకి వెళ్ళాలంటే ఇన్స్‌బ్రూక్ నుంచి చిన్న రైలెక్కి ఒక పల్లె స్టేషన్లో దిగి, అక్కణ్ణుంచి బస్సు పట్టుకోవాలి. బస్సు ఒంటిగంటా ఇరవై ఐదుకి. ఆ అంకె పక్కన చిన్న బొమ్మ, ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెట్టిన రెండు సుత్తులు.

"నాన్నా, సుత్తులంటే పనిరోజుల్లో మాత్రమే అని రాసుంది" అంది షారోన్.

ఆయన చార్టులో ఆదివారం గడి చూశారు. తెల్లగా ఉంది. "అయితే ఓకే" అని ఆ వరసకి పచ్చరంగు వేశారు. నేనూ చూశాను. నేనూ తలూపాను.

బుధవారం పొద్దున ఐదింటికి రాజన్న కారు తెచ్చాడు. రాజన్న నేను పనిచేసే స్కూల్లో బస్సు డ్రైవరు, జగిత్యాల దగ్గర ఊరు. సామాన్లు ఎక్కిస్తూ అడిగాడు, "గిన్ని దేశాలు రైల్లనే తిరుగుతరా మేడం?"

"అవును రాజన్నా."

"మా అమ్మకు చెప్తి, మా మేడమోళ్లు యూరప్ పోతున్నరని. గది దుబాయ్‌ల ఏడుంటది బిడ్డా అన్నది." పకపకా నవ్వి, ఎయిర్‌పోర్టు దగ్గర దించాక జోయల్ తల నిమిరాడు. "పైలంగ పోయిరండ్రి. యల్లా!"

ఎనిమిదింటికి విమానం. అక్కడి టైము ప్రకారం రెండు కాకముందే పారిస్. గార్ ద లియోన్ స్టేషన్‌కి నడిచేంత దూరంలో హోటలు తీసుకున్నాం. పిల్లలున్నవాళ్ళకి నా సలహా ఇదొక్కటే: ఎన్ని నక్షత్రాలున్నాయో చూడకండి, స్టేషన్ ఎంత దూరమో చూడండి. రెండు రాత్రులున్నాం. ఈఫిల్ టవరు చూశాం, పడవెక్కాం. జోయల్‌ని ఏం నచ్చిందని అడిగితే, "రైలు ఎప్పుడు?" అన్నాడు.

వాడి తప్పు కాదు. దోహాలో పుట్టిన పిల్లలకి తెలిసిన రైలు మెట్రో ఒక్కటే. దానికి డ్రైవరుండడు. జోయల్ ఎప్పుడూ ముందు అద్దం దగ్గర నిలబడి తనే నడుపుతున్నట్టు చేతులు తిప్పుతుంటాడు. ఇండియా వెళ్ళినా రాజమండ్రిలో విమానం దిగి కారెక్కడమే. శుక్రవారం పది దాటాక మా రైలు. ప్లాట్‌ఫారం మీద ఇంజను పక్కన వాడు ఆగిపోయాడు. లోపల నీలం చొక్కా మనిషి కిటికీలోంచి చెయ్యి ఊపాడు.

"అమ్మా! దీనికి మనిషున్నాడు!"

ఆ చెయ్యూపినాయనకి నా దండాలు. వాడి యూరప్ అక్కడితో సంపూర్ణం. మిగతా తొమ్మిది రోజులూ ఎక్కిన ప్రతి రైలుకీ ముందుగా పరుగెత్తి మనిషున్నాడో లేదో చూసొచ్చాకే సీట్లో కూర్చున్నాడు.

అదే స్టేషన్లో ఇంకొకటి కూడా అడిగాడు. కోట్లు వేసుకుని, బ్యాగులు తగిలించుకుని జనం చీమల్లా వెళ్తున్నారు. "ఇవాళ శుక్రవారం కదా, వీళ్ళందరికీ డ్యూటీ ఏంటి?" మేమిద్దరం నవ్వి, వాడి నోట్లో బిస్కట్టు పెట్టాం. అప్పుడైనా బుర్ర వెలగాల్సింది. వెలగలేదు.

నాలుగ్గంటల్లో జూరిక్. దారి పొడవునా గోధుమ చేలు, తర్వాత గుట్టలు, తర్వాత అడవులు. ఏ అరగంటకి ఏం కనిపిస్తుందో మా ఆయన చార్టు చూసి ముందే చెబుతున్నారు. నిజంగానే కనిపిస్తుంటే ఆయన మొహంలో ఆ గర్వం చూడాలి, నదుల్ని తనే తవ్వించినట్టు. జూరిక్‌లో రెండు రాత్రులు. టీ ధర చూసి నేను మంచినీళ్ళు తాగాను. ఊళ్ళో ప్రతి సందులోనూ పంపు ఉంది, నీళ్ళు చల్లగా తియ్యగా ఉన్నాయి. సీసాలు కొనకండి.

ఆదివారం పొద్దున ఎనిమిదీ నలభైకి ఇన్స్‌బ్రూక్ రైలు. హోటలు నుంచి స్టేషన్‌కి నడుస్తుంటే వీధులన్నీ ఖాళీగా ఉన్నాయి, ఎక్కడో చర్చి గంటలు మోగుతున్నాయి. "ఎంత బాగున్నాయో" అనుకుంటూ నడిచానే తప్ప, ఎందుకు మోగుతున్నాయా అని ఆలోచించలేదు.

రైల్లో మా ఎదుటి సీట్లో జాఫ్నా తమిళాయన కూర్చున్నారు. జూరిక్‌లో ఆస్పత్రి వంటగదిలో పని, వచ్చి ముప్ఫై ఏళ్ళయిందట. పిల్లలకి మురుకులు పెట్టి, ఎక్కడికని ఇంగ్లీషులో అడిగారు. చెప్పాను.

"ఆ పల్లెకా? ఇవాళ బస్సుంటుందా?" అన్నారు.

మా ఆయన చార్టు విప్పి ముప్ఫై ఒకటో వరస మీద వేలు పెట్టారు. పచ్చరంగు. తమిళాయన ఆ అరవై నాలుగు వరసలూ కళ్ళజోడు పెట్టుకుని చూసి, "మీరు నాకంటే బాగా తెలుసుకున్నారు" అని ఒప్పేసుకున్నారు. అంత పెద్ద చార్టు ఎదురుగా ఉంటే ఎవరైనా అంతే.

రైలు ఒక పెద్ద సరస్సు ఒడ్డునే చాలాసేపు నడిచింది. కొండలు నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నట్టున్నాయి. సరిహద్దు స్టేషన్లో ఇంజను అటునించి ఇటు మార్చారు, వచ్చినవైపే వెనక్కి వెళ్తున్నామని జోయల్ కంగారుపడ్డాడు. తర్వాత ఆస్ట్రియా, ఒక పొడవాటి సొరంగం. సంచిలో అక్క కోసం తెచ్చిన మామిడి తాండ్ర పొట్లాన్ని అరగంటకోసారి తడిమి చూసుకుంటున్నాను. అది మా అత్తగారు ఆత్రేయపురం నుంచి పంపింది.

పన్నెండుంబావుకి ఇన్స్‌బ్రూక్. పెట్టెలు లాకర్లో పడేసి చిన్న రైలెక్కాం. ఒంటిగంటా పన్నెండుకి మా స్టేషన్. దిగింది మేం నలుగురమే. టికెట్టు కిటికీ లేదు, మనిషి లేడు. ఎదురుగా బస్టాపు, చెక్క బల్ల, కుండీల్లో ఎర్రపూలు.

ఒంటిగంటా ఇరవై ఐదు అయింది. బస్సు రాలేదు.

"రెండు నిమిషాలు అటూ ఇటూ అవుతుంది" అన్నారు మా ఆయన.

ఒంటిగంటన్నర. ముప్ఫై ఐదు. నీలం గౌను వేసుకున్న ఒక పెద్దావిడ కుక్కని నడిపించుకుంటూ వచ్చి మమ్మల్ని చూసి ఆగింది. ఏదో జర్మన్‌లో అడిగింది. మేం బస్సు బోర్డు చూపించాం. ఆవిడ దగ్గరకొచ్చి, ఆ రెండు సుత్తుల మీద వేలు పెట్టింది. తర్వాత గాల్లో సుత్తి కొట్టినట్టు చేసి, తల అడ్డంగా ఊపింది. రెండు చేతులూ జోడించి కళ్ళు మూసుకుని చూపించి, "సోన్‌టాగ్" అంది.

ముందు తెలిసింది షారోన్‌కే. నెమ్మదిగా అంది, "నాన్నా... ఇక్కడ ఆదివారమే శుక్రవారం."

మా ఆయన ఆ చెక్కబల్ల మీద కూలబడ్డారు. యూరప్‌లో ఆదివారం సెలవని ఎవరికి తెలియదు? మాకూ తెలుసు. బాప్తిస్మం నాటి నుంచీ తెలుసు. కానీ పద్నాలుగేళ్ళుగా ఆదివారం పొద్దున టిఫిన్ డబ్బా కట్టిన చేతులు నావి, డ్యూటీ బస్సెక్కిన కాళ్ళు ఆయనవి. తెలియడం వేరు, అలవాటు వేరు. అసలు కాన్వెంటువాళ్ళు చూడ్డానికి రమ్మన్నది ఆదివారమే ఎందుకో అని కూడా తోచలేదు మా ఇద్దరికీ.

అయినా కోపం వచ్చింది. చాలా వచ్చింది. "ప్లాంటుని ఆపి మళ్ళీ నడిపిస్తారు, ఒక్క బస్సు సంగతి చూడలేకపోయారు" అన్నాను. ఆయన లేచి బోర్డు మీదున్న రెండు టాక్సీ నంబర్లకి ఫోన్ చేశారు. ఒకటి మోగి మోగి ఆగిపోయింది. రెండో ఆయన జర్మన్‌లో ఏదో చెప్పి పెట్టేశాడు. దారంట రెండు కార్లు వెళ్ళాయి, నలుగుర్ని చూసి ఆగలేదు. అక్క రెండింటికి గదిలో కూర్చుని ఉంటుంది. నాలుగు దాటితే ఆరేళ్ళు.

పెద్దావిడ మా మొహాలు చూసి, మా ఆయన భుజం తట్టి, వాగు ఒడ్డున వెళ్ళే దారి చూపించింది. ఒక చెయ్యి ఐదువేళ్ళూ చూపించి, రెండో చేతి వేలు సగం మడిచింది. ఐదున్నర కిలోమీటర్లు.

"నడుద్దాం" అన్నాను.

ఇది ఎంత పెద్ద మాటో దోహాలో పిల్లల్ని పెంచినవాళ్ళకి తెలుస్తుంది. ఇంటి నుంచి కారు, కారు నుంచి మాలు. వేసవిలో మా పిల్లలు బయట నడిచేది పార్కింగులోనే. కానీ దారి ఎక్కాక పది నిమిషాల్లో నాకే ఆశ్చర్యం వేసింది. పక్కన వాగు గలగలా పారుతోంది, నీళ్ళు పాలల్లో పచ్చరంగు కలిపినట్టున్నాయి. మెడలో గంటలు కట్టిన ఆవులు. ఎండ ఉంది గానీ వేడి లేదు.

"అమ్మా, వీళ్ళు బయట కూడా ఏసీ పెట్టారా?" అన్నాడు జోయల్.

కోపంలో ఉన్నదాన్ని నవ్వేశాను. నవ్వాక ఇంక కోపం నిలబడలేదు. షారోన్ ముందు నడుస్తూ కిలోమీటరు రాళ్ళు లెక్కపెడుతోంది. రెండో రాయి దగ్గర జోయల్ ఆకలన్నాడు. తాండ్ర పొట్లం విప్పక తప్పలేదు. మూడో రాయి దగ్గర కాళ్ళు నొప్పులన్నాడు. మా ఆయన వాణ్ణి భుజాల మీదకెత్తుకున్నారు. వాడు ఆయన తల మీద చేతులు పెట్టుకుని తాండ్ర నములుతూ రైలు కూత పెట్టాడు.

అక్క తన ఫోన్ అంతకు ముందే అప్పగించేసింది, కాన్వెంటు నంబరు ఒక్కటే ఉంది. రెండున్నరకి ఆయన దానికి చేశారు. ఎవరో ముసలి సిస్టర్ ఎత్తింది. "సిస్టర్ సుగుణ. నో బస్. వాకింగ్. రివర్. సిస్టర్ సుగుణ. రివర్" అని మూడుసార్లు అరిచారు. అవతల ఏదో అని పెట్టేసింది.

"అర్థమైందంటారా?" అన్నాను.

"ఏమో కరుణా" అన్నారు. పదిహేనేళ్ళ కాపురంలో ఆయన నోట "ఏమో" వినడం అదే మొదటిసారి.

మూడింటికి పది నిమిషాల ముందు, దారి మలుపులో సైకిలు గంట మోగింది. చెట్ల నీడలోంచి బూడిదరంగు అంగీ, తెల్ల ముసుగు, నల్ల సైకిలు. ఆ సైకిలు తొక్కేది ఎవరో ఆస్ట్రియా సిస్టర్ అనుకున్నాను. ఎందుకంటే మా అక్కకి సైకిలు రాదు. చిన్నప్పుడు కాలవగట్టు మీద స్కూలుకి నేను తొక్కేదాన్ని, తను వెనక కారియర్ మీద కళ్ళు మూసుకుని జపమాల చెప్పుకునేది. గోతి వచ్చినప్పుడల్లా మరియమ్మని గట్టిగా పిలిచేది.

"కరుణా! పక్కకి తప్పుకోండే, బ్రేకు సరిగ్గా లేదు!"

సైకిలు మమ్మల్ని దాటిపోయి ఆగింది. అక్క దిగి పరుగెత్తుకొచ్చింది. నన్ను పట్టుకుని, పిల్లల్ని పట్టుకుని, మళ్ళీ నన్ను పట్టుకుంది. ఇద్దరం ఒకేసారి మాట్లాడాం, ఎవరిదీ ఎవరికీ వినబడలేదు.

"నీకు సైకిలెప్పుడొచ్చిందే?"

"ఇక్కడికొచ్చాకే. ముసలాళ్ళకి మందులు తేవాలంటే నువ్వొచ్చి తొక్కుతావా ఏంటి? మదర్‌ని అడిగితే, నాలుగింటికల్లా వచ్చెయ్యమన్నారు. ఇది గేటు దగ్గరుండే సిస్టర్ సైకిలు." పక్కనే చెక్క బల్ల ఉంటే కూర్చుని ఆయాసం తీర్చుకుంది. "ఎవరొస్తారులే అన్నాను గానీ, ఒంటిగంట నుంచీ గేటు దగ్గరే నించున్నానే."

మా ఆయన జోయల్‌ని దించి చేతులు కట్టుకుని నిలబడ్డారు. "వదినగారూ, తప్పంతా నాదే. బస్సు..."

"కూర్చోండి మరిదిగారూ. లోపలైతే పెద్ద బల్లకి అటు నేను, ఇటు మీరు. పక్కన మదర్. మర్యాదకి ఇంగ్లీషులోనే మాట్లాడాలి. ఇలా గట్టిగా తెలుగులో అరిచి ఎన్నాళ్ళయిందో." అని చెప్పులు విడిచి, వాగులో కాళ్ళు పెట్టి, చల్లదనానికి కెవ్వుమంది. పిల్లలూ పెట్టారు. నేనూ పెట్టాను.

మిగిలిన తాండ్ర చూపించి, "దొడ్డమ్మా, మొత్తం నీదే. నేను కొంచెమే తిన్నా" అన్నాడు జోయల్. మిగిలింది నాలుగు వేళ్ళంత. అక్క దాన్ని ఐదు ముక్కలు చేసి అందరికీ పెట్టి, తన ముక్క చప్పరిస్తూ కళ్ళు మూసుకుంది.

"టాంజానియా అంటే భయంగా లేదా అక్కా?" అని అడిగాను.

"ఉంది" అంది. "నలభై ఆరేళ్ళొచ్చాయి. మళ్ళీ కొత్త భాష, కొత్త మనుషులు. పది రోజులుగా నిద్ర లేదు. మిమ్మల్ని చూశాక కొంచెం తగ్గింది." అక్క చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. మందుల వాసన, సబ్బు వాసన.

మూడున్నరకి లేచింది. పిల్లల్ని ఒకళ్ళ తర్వాత ఒకళ్ళని కారియర్ మీద ఎక్కించుకుని కొంచెం ముందున్న చెక్క వంతెన దాకా తిప్పి తెచ్చింది. తర్వాత నా వైపు చూసి, "ఎక్కవే నువ్వు కూడా" అంది.

"నా బరువుకి సైకిలు విరుగుతుంది."

"విరిగితే సిస్టర్‌కి నేను చెప్పుకుంటాను. ఎక్కు."

ఎక్కాను. నలభై ఏళ్ళ మనిషిని, అక్క నడుం పట్టుకుని, కారియర్ మీద. అక్క తొక్కింది. నా మొహం ఆ బూడిదరంగు అంగీకి ఆనించి, కళ్ళు మూసుకుని ఏడ్చేశాను. తను వెనక్కి చూడలేదు. "గోతులేం లేవులేవే ఇక్కడ" అంది మెల్లగా.

వంతెన దగ్గర దించి, నుదుటి మీద సిలువ గుర్తు వేసి, వెళ్ళిపోయింది. మలుపు తిరిగేదాకా గంట మోగిస్తూనే ఉంది.

మొత్తం మాకు దొరికింది యాభై నిమిషాలు. తిరిగి నడిచిన దారంతా పిల్లలు ఒక్కసారి కూడా కాళ్ళు నొప్పులనలేదు. ఆ సాయంత్రం ఇన్స్‌బ్రూక్‌లో కొట్లన్నీ మూసే ఉన్నాయి, ఆదివారం కదా. స్టేషన్లో దొరికిన చీజ్ శాండ్‌విచ్‌లు తిని పడుకున్నాం. మీరు మాత్రం శనివారమే రొట్టె, పళ్ళు కొనిపెట్టుకోండి.

మర్నాడు బ్రెన్నర్ కనుమ దాటి ఇటలీ. ఆ దారిలో కుడివైపు కూర్చుంటే లోయలు బాగా కనిపిస్తాయని చార్టులో ఉంది. ఎడమవైపూ బాగానే ఉన్నాయి. వెనిస్‌లో రెండు రాత్రులు, రోమ్‌లో మూడు. వెనిస్ స్టేషన్ బయటికి రాగానే రోడ్డుకి బదులు నీళ్ళు చూసి జోయల్, "ఇక్కడ బస్సు కూడా పడవే" అని ఎగిరాడు. ఆ పడవకి సుత్తుల గుర్తుందేమో షారోన్ ముందుగా చూసొచ్చింది. అది ఇప్పుడు ఏ బోర్డునీ నమ్మదు. మా ఆయన చార్టు తీయడం తగ్గించారు. రోమ్‌లో ఒక సాయంత్రం ఏ వరసలోనూ లేని వీధిలో దారి తప్పి, గంటసేపు ఐస్‌క్రీములు తింటూ తిరిగాం. ఆయన ఒక్కసారి కూడా వాచీ చూసుకోలేదు.

శనివారం పదకొండుంబావుకి రోమ్ నుంచి విమానం, సాయంత్రం ఆరు కాకముందే దోహా. తలుపు దాటగానే వేడి మొహాన కొట్టింది. రాజన్న కారుతో వచ్చాడు. కథంతా విని స్టీరింగ్ మీద చరిచి నవ్వాడు.

"గన్ని దేశాలు పోయి నడ్సిన్రా మేడం! మాకు ఐతారం నాడు సైటు బస్సు రాకుంటే పండుగే. మీకేమో ఏడ్పాయె."

"ఏడుపూ అయింది, పండగా అయింది రాజన్నా" అన్నాను.

ప్రయాణం ఎలా జరిగిందని అడిగినవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. పిల్లలతో వెళ్ళండి, రైల్లోనే వెళ్ళండి, ప్లాను గట్టిగా వేసుకోండి. అది ఎక్కడో ఒకచోట తప్పుతుంది. తప్పిన చోట నడవడానికి మంచి చెప్పులుంచుకోండి. మా ఫ్రిజ్ మీద చార్టు ఇంకా ఉంది. ముప్ఫై ఒకటో వరస పచ్చరంగు మీద షారోన్ పెన్సిల్‌తో "నడిచాం" అని రాసింది. దాన్ని తుడవనివ్వదు.

ఆ శనివారం సాయంత్రం ఇంటికి చేరేసరికి ఫోన్లో కొత్త నంబరు నుంచి అక్క మెసేజి. "చేరాను. బాగానే ఉన్నాను. ఇక్కడా ఒక సైకిలుంది. ఆదివారం పొద్దున ప్రార్థనకి ముందు చెయ్యి." టాంజానియాకీ దోహాకీ గడియారం ఒకటేనట. పన్నెండేళ్ళలో మొదటిసారి మా ఇద్దరికీ ఒకే టైము.

జులైలో దోహాలో నాలుగున్నరకే వెలుగొస్తుంది. మర్నాడు మా ఆయన డ్యూటీకి బూట్లు తొడుక్కుంటున్నారు. నేను టిఫిన్ డబ్బా కడుతూ ఫోన్ స్పీకరులో పెట్టాను. అవతల అక్క "ఆ, కరుణా" అంది, వెనక ఎక్కడో కోడి కూస్తోంది. అంతలో కింద రాస్ లఫాన్ వెళ్ళే కంపెనీ బస్సు హారన్ కొట్టింది. గదిలోంచి జోయల్ దుప్పటితో సహా కిటికీ దగ్గరికి పరుగెత్తాడు.

"అమ్మా! నాన్నా! ఇవాళ ఆదివారం! అయినా బస్సొచ్చింది!"

ఫోన్లో అక్క పగలబడి నవ్వింది. "మరిదిగార్ని పరుగెత్తమనవే" అంది. "తప్పిపోతే మళ్ళీ నడవాలి. ఈసారి సైకిలు మీద రావడానికి నేను దగ్గర్లో లేను."